నూతిలోంచి తీసిందెవరు

నేను ఒక పాతాళ గరిగెని. ఈ కాలం పిల్లలకి చెబితే గాని తెలీదు. నూతిలో పడిన బిందెని, బకెట్‌ని పైకి తీసే కొక్కేల గుత్తిని. నన్నెవరూ అందంగా ఉన్నావనలేదు. నాకూ అక్కర్లేదు.

విరిగిన బండి చక్రం పట్టాని కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు ఒక కమ్మరి. అతను మాట్లాడే మనిషి కాదు. సుత్తి మాట్లాడేది. బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో అప్పయ్యమ్మ అత్తగారు నన్ను కొనుక్కుంది. ఆవిడ పోయాక అప్పయ్యమ్మకి వచ్చాను. వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. ఎవరికి కావాలన్నా ఇస్తుంది. కానీ ఊరికే ఇవ్వదు. ఒక గిన్నో చెంబో ఆమె గూట్లో పెట్టి వెళ్ళాలి, నన్ను తెచ్చిచ్చి అది పట్టుకుపోవాలి. అదీ పద్ధతి. లేకపోతే జనం నన్ను నూతిగట్టు మీదే వదిలేసి పోతారు. అక్కర తీరాక మనుషుల బుద్ధి అంతే.

వీధి నూతిలోంచి నేను తీయనిది లేదు. బిందెలు తీశాను. మొగుడి మీద కోపంతో పడేసిన ఇస్త్రీ పెట్టె తీశాను. పడేసినావిడే మర్నాడు అరువుకొచ్చి, జారిపోయిందంది. నేను నోరు విప్పలేదు.

దాలినాయుడు మేష్టారు ఆ వీధిలోనే ఉంటారు. బడి నుంచి రిటైరయ్యాక సాయంత్రాలు నూతిగట్టు మీద కూచునేవారు. నీళ్ళు తోడుకునేవాళ్ళకి కథలు చెప్పేవారు. ఒకనాడు గ్రీకు దేశం కథ చెప్పారు. రెండున్నర వేల ఏళ్ళ కిందట థేలీస్ అనే ఆయన ఉండేవాడట. పిడుగు పడితే ఏ దేవుడికి కోపం వచ్చిందని జనం అడిగే రోజుల్లో, అసలు ఈ లోకమంతా దేనితో అయిందని ఆయన అడిగాడట. నీటితో అని తనే జవాబు చెప్పాడట. ఆయన తరవాత వచ్చినవాడు నీరు కాదు, హద్దు లేనిదేదో ఉంది, దాంతో అన్నాడట. ఇంకొకడు గాలి అన్నాడట. ఒకడు చెప్పింది ఇంకొకడు కాదన్నాడు, అయినా అందరి మాటా నేటిదాకా మిగిలింది.

నాకు ఒళ్ళు పులకరించింది. నీటి సంగతి నాకు తెలుసు కదా.

అంతలోనే మేష్టారు మిగతాది చెప్పారు. ఆ థేలీస్ నక్షత్రాలు చూసుకుంటూ నడిచి నూతిలో పడ్డాడట. పనిమనిషి చూసి, కాళ్ళ కిందది కనబడదు గాని ఆకాశంలోది కావాలా అని నవ్విందట. వీధి అంతా నవ్వింది. అప్పయ్యమ్మయితే చేద వదిలేసి మరీ నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. ఇన్ని వేల ఏళ్ళుగా పడ్డాడనే చెబుతున్నారే, పైకి తీసిందెవరో ఒక్కడూ చెప్పడేం? అసలు పడ్డాడని ఎవరు చూశారు? నీటితోనే లోకమంతా అయిందన్నవాడు నీళ్ళు చూడ్డానికి దిగి ఉండకూడదా? ఎవరూ అడగలేదు. నవ్వడం సులువు.

తరవాత వీధిలో బోరు వేశారు. వేయించినవాడు లోకనాథం, ఆ వార్డుకి పెద్ద. బోరు వచ్చాక నూతిలో పూడిక తీసేవాడు లేడు. అడుగున మట్టి పేరుకుని ఎండిపోయినట్టు కనబడింది. పూడ్చేసి పైన సిమెంటు అరుగు వేద్దామన్నాడు లోకనాథం. మేష్టారు వద్దన్నారు. ఊట ఉంది, పూడిక తీస్తే నీళ్ళొస్తాయి, ఒక్కసారి తొంగి చూడండని ఇంటింటికీ తిరిగి చెప్పారు. ఒక్కడూ చూడలేదు. చూడకుండానే ఊట లేదన్నారు.

ఆ ఉదయం మేష్టారు ఇత్తడి చెంబు పట్టుకుని అప్పయ్యమ్మ గుమ్మంలోకి వచ్చారు.

"ఏటి పడిపోయింది మేష్టారూ?" అందామె.

"ఏమీ పడలేదు అప్పయ్యమ్మా. నేనే దిగుతున్నాను. ఎక్కలేకపోతే గరిగె వెయ్యి."

ఆమె నవ్వింది. నవ్వుతూనే, మనిషిని తీయడానికైనా చెంబు పెట్టాల్సిందేనంది. చెంబు గూట్లో పెట్టి నన్ను తీసుకుని ఆయన వెంట వచ్చింది.

మేష్టారు నూతి గోడకున్న గుంటల్లో కాళ్ళు పెట్టుకుంటూ దిగారు. అడుగున మట్టి చేత్తో తవ్వారు. కాసేపటికి ఊరిన నీళ్ళలో కండువా తడిపి భుజాన వేసుకున్నారు. ఎక్కబోతే ఒక గుంట అంచు విరిగింది. అప్పయ్యమ్మ నన్ను దించింది. ఆయన తాడు చంకల కిందుగా చుట్టుకుని నా కొక్కేనికి తగిలించుకున్నారు. జనం పోగై లాగారు. నేను పట్టు వదల్లేదు. ఇస్త్రీ పెట్టెలు తీసినదాన్ని, ఆవేళ మనిషిని తీశాను.

మేష్టారు గట్టు మీద నిలబడి కండువా పిండారు. నీళ్ళు కారాయి.

"అది ఊట కాదు మేష్టారూ, మీ సెమట," అన్నాడు లోకనాథం.

అందరూ నవ్వారు. అప్పయ్యమ్మ మాత్రం ఈసారి నవ్వలేదు. తాడు లాగి అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, మేష్టారు నూతిలో పడిపోయారని. పడనేదు, దిగినాడని అప్పయ్యమ్మ అందరికీ చెప్పింది. ఎవరు వింటారు? మర్నాడు వార్డు మీటింగులో లోకనాథం లేచి, "సదువుకున్న మేష్టారే పడిపోనాడు. రేపు పిల్లలు పడిపోతే ఎవుల్ది పూచీ?" అన్నాడు. అంతా చేతులెత్తారు. ఊట చూడ్డానికి దిగిన మనిషినే సాక్ష్యం చేసి నూతిని పూడ్చారు. లారీ మట్టి పోస్తుంటే ఆ శబ్దం విన్నాను. నా నుయ్యి అది. ఇప్పటికీ తలుచుకుంటే నా కొక్కేలు బిగుసుకుంటాయి.

ఆవేళ నన్ను తన ఇంటికి పట్టుకుపోయిన మేష్టారు మళ్ళీ తిరిగి ఇవ్వలేదు. చెంబూ తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే పని అయిపోయినట్టే అనుకున్నారేమో. నేను ఆయన చూరుకి, ఆయన చెంబు అప్పయ్యమ్మ గూట్లో.

మొన్న ఎండాకాలం బోరు మోటారు తాడు తెగి లోపల పడిపోయింది. ట్యాంకరు కోసం వీధంతా బిందెలు వరసలో పెట్టుకుంది. లోకనాథం స్టీలు గిన్నె పట్టుకుని అప్పయ్యమ్మ దగ్గరికి వచ్చాడట. ఆమె గూట్లో చెంబు చూపించిందట.

"గరిగె మేష్టారి అరువులో ఉంది బాబూ. ఆయన్నడుగు."

అతను వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు. మేష్టారు నన్ను చూరు నుంచి తీసి ఇచ్చారు. తనూ వెంట వచ్చారు.

ఆ బోరు గొట్టం నోరు జానెడు లేదు. నా కొక్కేలు అంచు మీదే ఆగిపోయాయి. అటు తిప్పారు, ఇటు తిప్పారు. నేను దిగలేదు. దిగే చోటు ఉంచారా నాకు?

లోకనాథం మోకాళ్ళ మీద కూచుని, వంగి, గొట్టానికి కన్ను ఆనించాడు. నూతిలోకి తొంగి చూడమంటే చూడని మనిషి.

"ఏం కనబడుతోంది లోకనాథం?" అన్నారు మేష్టారు.

"ఏటీ కనబడట్నేదు మేష్టారూ."

వరసలో బిందె పట్టుకున్న అప్పయ్యమ్మ అప్పుడు నవ్వింది. పూర్వం ఆ పనిమనిషి నవ్వినట్టే నవ్వి ఉంటుంది. కాకపోతే ఈసారి ఎవరిని చూసి నవ్వాలో తెలిసి నవ్వింది.