ఒకే ఊరు, ఒకే పేరు

ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి హఫీజా వెబ్‌సైటు తయారుచేసింది. రోగులు ఫోన్‌లోనే తమ రిపోర్టులు, మందులు పంపే అడ్రసు చూసుకోవచ్చు. సైటు నెమ్మదిస్తోందని ఆసుపత్రి వాళ్లు అంటే, ఒకసారి తెరిచిన పేజీ కాసేపు సర్వర్లో సిద్ధంగా ఉండేలా చేసింది. అలా దాచిన ప్రతి పేజీకీ ఒక గుర్తు కావాలి. దాన్ని కీ అంటారు. రోగి పేరూ ఊరూ కలిపి కీ పెట్టింది. అది చాలనుకుంది.

ఒక మధ్యాహ్నం చిలమకూరు నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, నా పేరు దేవపాలు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాండా. నా పేజీ తెరిస్తే ఎవురిదో వస్తాంది. నాకు చక్కెర జబ్బే లేదు. మందులు పెండ్లిమర్రికి పంపాలని రాసుండాది. ఆడ నాకేం పని?"

హఫీజాకు విషయం అర్థమైంది. చిలమకూరు నుంచి దేవపాలు పేరుతో ఇద్దరు రోగులున్నారు. రెండో ఆయన చూసుకున్న పేజీనే సర్వర్ ఈయనకు ఇచ్చేసింది.

"ఇది ఎవురికన్నా చూపించినావా అన్నా?"

"పార్టీ ఆఫీసులో చూపించినా. అందరూ నవ్వినారు. ఒకాయన మాత్రం ఆ అడ్రసు ఫోటో తీసుకున్యాడు."

రెండో దేవపాలు ఎవరో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. రిటైరైన మిషన్ స్కూలు పంతులు. జమ్మలమడుగులో ఆ పార్టీవాళ్లు చేసిన హత్యను కళ్లారా చూసి, కోర్టులో చెప్తానన్న ఒకే ఒక్క మనిషి. అప్పటినుంచి ఊరు వదిలి ఎక్కడ దాక్కున్నాడో ఎవరికీ తెలియదు.

హఫీజా వెంటనే పోలీసులకు చెప్పి, ఆసుపత్రి రికార్డులో ఉన్న నంబరుకు పంతులుకు ఫోన్ చేసింది.

"సార్, ఆసుపత్రి సైటు చేసింది నేనే. నా తప్పు వల్ల మీ అడ్రసు వాళ్లకు తెలిసిపోయింది. ఇప్పుడే ఇల్లు వదిలి పోండి."

"యాడికి పోయేది పాపా? మా బామ్మర్ది దాసయ్య పక్షవాతంతో మంచంలో ఉండాడు."

వెనక నుంచి దాసయ్య మాట వినిపించింది. "నువ్వు మాయక్కను తీసుకొని పో బావా. నాతో వాళ్లకేం పని?"

పంతులూ, భార్య రత్నమణీ కడప బస్సెక్కారు. పోలీసులు చేరేలోపే మోటారు సైకిళ్లు వచ్చాయి. దేవపాలు ఎక్కడికి పోయాడో చెప్పమన్నారు. దాసయ్య నోరు విప్పలేదు. మంచంలోనే నరికి పోయారు.

హఫీజా ఆ సాయంత్రమే కీలో పేరూ ఊరూ తీసేసి, ప్రతి రోగికీ విడిగా ఉండే నంబరు పెట్టింది. పాత పేజీలన్నీ చెరిపేసింది. నాలుగు లైన్ల పని.

దాసయ్య సమాధి దగ్గర నిలబడి తన తప్పంతా రత్నమణికి చెప్పింది.

"మొదట్లోనే ఆ నంబరు పెట్టలేకపోతివా అమ్మా?" అనడిగింది రత్నమణి.



తర్వాతి వారం జమ్మలమడుగు కోర్టు మెట్ల దగ్గర పంతులు ఆగిపోయాడు. "ఇంటికి పోదామా?" అన్నాడు. ఇన్నాళ్లూ ఈ సాక్ష్యం వద్దని ఏడ్చిన రత్నమణే ఆయన చేయి పట్టుకుని లోపలికి నడిపించింది. ఆయన బోనులో నిలబడి, తాను చూసిన మనిషి పేరు చెప్పాడు.