ఒక సున్నా ఎక్కువ

నేను ఒక క్యాలిక్యులేటర్‌ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. పెరిగింది మాత్రం ద్రాక్షారం చుట్టుపక్కల పెళ్లిళ్లలో, గాడిపొయ్యి పక్కన. నా మొదటి యజమాని వంటమేస్త్రి భద్రయ్య. ఆయన పసుపు చేతులతో నొక్కీ నొక్కీ నా సున్నా మీట జిగురెక్కింది. ఒకసారి నొక్కితే ఒక్కోసారి రెండు సున్నాలు పడేవి. ఆయనకేం పట్టేది కాదు. పందిట్లోకి తొంగిచూసి బియ్యం ఎన్ని బస్తాలో చెప్పేసేవాడు. నన్ను నొక్కడం మర్యాదకే.

ఆయన పోయాక గరిటెలూ నేనూ కూతురు సూర్యకళ చేతికొచ్చాం. ఆమెదీ తండ్రి కన్నే. కానీ పొగకి ఛాతీ పట్టేసింది. "ఇంకో ఏడాది పొయ్యి దగ్గరుంటే మందులు పనిచెయ్యవమ్మా" అన్నాడు డాక్టరు. దాంతో కాకినాడలో కంప్యూటర్ కోర్సులో చేరింది.

అక్కడ మొదలైంది నా అవస్థ. లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆమె వేళ్లు ఊరుకోవు. మూడూ రెండూ కలపాలన్నా నేనే. నేనేం చూపిస్తే అదే వేదం. నూరు పందిళ్లు కంటితో కొలిచిన మనిషికి నామీద ఇంత భక్తేమిటో!

కోర్సయ్యాక ఉద్యోగం ఇంటర్వ్యూ ముందురోజు మరిది ధనరాజు ఒక ప్రశ్న వేశాడు. "వదినా, పరీక్షా ఫలితాల వెబ్‌సైటు. నిమిషానికి పదివేల మంది వస్తారు. ఒక్కో సర్వర్ వెయ్యిమందిని చూసుకుంటుంది. ఎన్ని సర్వర్లు కావాలి?"

నన్ను టకటకా నొక్కి, "వంద!" అంది.

"వందమంది సర్వర్లా? ఇంక పెళ్లికొడుకు ఎక్కడ కూర్చుంటాడు?"

హోటల్లో వడ్డించేవాణ్ణీ సర్వరనే అంటారు కదా. ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. "ఓరి నీ అసాధ్యం కూలా! ఇది బంతి లెక్కట్రా! విస్తళ్లు చూసి వడ్డించేవాళ్లని పెట్టే లెక్క!" అని నన్ను బోర్లా పడేసి, "పది" అంది. వేళ్లు నిమ్మళించాయి.

మర్నాడు నేను సంచిలోనే ఉన్నాను. జిప్పు కదల్లేదు. ఇంటర్వ్యూ గదిలో ఎవరో పెద్దమనిషి, ఈసారి ఇరవైవేల మందికి, అలాంటి ప్రశ్నే వేశాడు.

"ఉజ్జాయింపుగా ఇరవైయండి. ఇరవై రెండు పెట్టండి."

"ఆ రెండెందుకమ్మా?"

"బంతి మధ్యలో ఎవరో ఒకరు చెయ్యి కాల్చుకుంటారండి. మిషన్లు మాత్రం కాల్చుకోవా?"

 కుర్చీ కిర్రుమనేలా నవ్వాడాయన.

ఇప్పుడు ఆఫీసులో ఆమె బల్ల మీద, కాగితాలు ఎగరకుండా నేను. ముందు తనే అంచనా వేసుకుంటుంది, ఆనక నన్ను నొక్కుతుంది. నేను సున్నా ఎక్కువ చూపిస్తే నొసలు తాకి చూసినట్టు నామీద వేలు పెట్టి, "మళ్లీ జ్వరమా నీకు?" అంటుంది.