తోడికోడళ్ళ డైరెక్టరీ

ఆ ఆస్పత్రిలో సర్వరక్కను ఎరగనివాళ్ళు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం సగంమంది నీళ్ళు నములుతారు. రెండో అంతస్తు చివర ఏసీ గుయ్యిమనే చిన్న సర్వర్ గది ఆమెది. ఆస్పత్రిలోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో చేరింది. ఎవరు ఏ పేరుతో లోపలికి రావాలి, వచ్చాక ఏ ఫైళ్ళు చూడాలి, ఏవి చూడకూడదు అన్న లెక్కంతా డైరెక్టరీలో ఉంటుంది. ఆ డైరెక్టరీని మొదటి పేరు దగ్గర్నుంచి కట్టింది ఆవిడే. పెద్ద డాక్టరైనా, వార్డు ఊడ్చే మనిషి మీద మేస్త్రీ అయినా, ఆవిడ పేరు ఎక్కిస్తేనే మెషీన్ దృష్టిలో పుట్టినట్టు.

అలాంటి డైరెక్టరీ ఓ ఉదయం చెడి కూర్చుంది.

రాత్రి కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, పాత బ్యాటరీ చేతులెత్తేసింది. సర్వర్ ఏదో రాసుకుంటుండగానే ఆరిపోయింది. తెల్లారి డ్యూటీకి వచ్చిన నర్సు పాస్‌వర్డ్ కొడితే, ఆ పేరుగల మనిషే లేదంది మెషీన్. ఎక్స్‌రే గదిలోనూ అంతే. ఆపరేషన్ థియేటర్ డాక్టరమ్మ పాత స్కాన్ల కోసం మనిషిమీద మనిషిని పంపుతోంది.

సర్వరక్క చీర కొంగు బిగించి కూర్చుంది. రిపేర్ ప్రోగ్రాం నడిపింది. తప్పులు దొరికాయి, సరిచేశానంది. మళ్ళీ చూస్తే స్క్రీన్ మీద కొన్ని పేర్ల పక్కన ప్రశ్నార్థకాలు. ఇంకోసారి నడిపింది. ప్రశ్నార్థకాలు పెరిగాయి. నిన్నటిదాకా ఫలానా డాక్టరు, ఫలానా గుమాస్తా అని ఉన్నవాళ్ళు ఇవాళ ఎవరో తెలియని మనుషులైపోయారు. పంటి బిగువున మరోసారి నడిపింది. ఒక వార్డుకు వార్డే మాయమైంది.

ఇంతలో మేనేజర్ తలుపు తోసుకుని వచ్చాడు. "కంగారు పడకమ్మా, సర్వీస్ కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళలోకెల్లా గట్టి మనిషిని పంపిస్తున్నారట."

ఆ మాటకే ఆమెకు ఒళ్ళు మండింది. తనతో ఒక్క మాట అనకుండానా? ఆ గట్టి మనిషి భుజాన బ్యాగు తగిలించుకుని లోపలికి వచ్చేసరికి, మంట కాస్తా నెత్తికెక్కింది. వచ్చింది సాక్షాత్తూ తన తోడికోడలు.

"అక్కా! నువ్వున్న చోటికే పంపారు చూడు," అంది చిన్నకోడలు నవ్వుతూ.

ఇక్కడ కొంచెం ఇంటి సంగతి చెప్పాలి. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. కింద పెద్దవాళ్ళు, మేడమీద చిన్నవాళ్ళు, అత్తగారు మాత్రం రెంటికీ యజమాని. చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో లెక్కల డిగ్రీ చేతబట్టుకుని ఉద్యోగం లేక గోళ్ళు గిల్లుకుంటుంటే, పక్కన కూర్చోబెట్టుకుని నెట్‌వర్కు పని ఓనమాల నుంచీ నేర్పింది సర్వరక్కే. కంపెనీలో ఇంటర్వ్యూ ఇప్పించింది కూడా తనే. పిల్లకు చేయందిస్తే చెట్టెక్కి కూర్చుంది. ఇప్పుడు ఊళ్ళు తిరుగుతుంది, పెద్ద పెద్ద చోట్ల చెడినవి బాగుచేసి వస్తుంది. "మా చిన్నమ్మాయి చెయ్యి పడితే రాయైనా మాట్లాడాల్సిందే," అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. పెద్దకోడలి గురించి అడిగితే, "అదా, ఆస్పత్రిలో చేస్తోందిలే," అంటుంది. అంతే. ఆఖరికి పెద్దకోడల్ని కట్టుకున్నవాడు కూడా ఇంట్లో ఫోన్ మొరాయిస్తే, పక్కనే పెళ్ళాం ఉండగా, మేడమీదికి కేకేస్తాడు.

ఇంట్లో ఎన్ని జరిగినా దిగమింగుకుంది. ఈ గది ఒక్కటీ తనదనుకుంది. ఇప్పుడు అదే గదిలో, "ఒక్కసారి కూర్చోనా అక్కా?" అంటూ తన కుర్చీలో ఆ పిల్ల కూర్చుంది. కుర్చీ ఎత్తు కూడా సరిచేసుకుంది.

చిన్నకోడలు ముందు ఏదీ ముట్టుకోలేదు. చెడినదాన్ని చెడినట్టే ఒక కాపీ తీసి పక్కన పెట్టింది. తర్వాత రిపేర్ ప్రోగ్రాం ఏమేం చేసిందో చదవడం మొదలుపెట్టింది. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగింది. ఎందుకాగిందో సర్వరక్కకు తెలుసు. తను కాపీ తియ్యకుండానే మళ్ళీ మళ్ళీ రిపేర్ నడిపింది. నడిపినప్పుడల్లా అది, పుండు చుట్టూ మంచి కండ కోసినట్టు, బాగున్న పేర్లను కూడా కోసుకుంటూ పోయింది. ముందు కాపీ తియ్యాలన్నది కొత్తగా చేరినవాళ్ళకు చెప్పే మొదటి జాగ్రత్త. ఈ పిల్లకు నేర్పింది కూడా తనే.

"ఏమైందంటారు?" అన్నాడు మేనేజర్ వెనకనుంచి.

"కరెంటు దెబ్బ సార్. గట్టిగానే తగిలింది," అంది చిన్నకోడలు, ఆ పేజీ కిందికి జరిపేస్తూ.

పెద్దకోడలి తప్పును చిన్నకోడలు కప్పిపుచ్చింది. వేరే ఎవరైనా అయితే సర్వరక్క చేతులు పట్టుకునేదేమో. ఈమె చేసిందని మాత్రం ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. జాలి పడుతోందా నామీద? రేపు ఇంట్లో అత్తగారి ముందు నోరు జారదని ఏముంది? తిడితే తిరిగి తిట్టవచ్చు, దయ చూపిస్తే ఏం చేస్తాం!

మేనేజర్ ఫోనొచ్చి బయటికి వెళ్ళాడు. చిన్నకోడలు ఇటు తిరిగింది. "దీన్ని ఇంక అతుకులేసి లాభం లేదక్కా. ఈ సర్వర్ మీదున్న డైరెక్టరీ తీసేసి, వేరే సర్వర్ నుంచి మంచి కాపీ తెచ్చుకుందాం. ల్యాబ్ సర్వర్ మీద ఒకటి, ఆఫీసు బిల్డింగ్ సర్వర్ మీద ఒకటి ఉన్నాయి. ల్యాబ్‌దే కొత్తదని చూపిస్తోంది. అది తెచ్చుకోవచ్చు కదా?"

తెచ్చుకోకూడదు. ఆ సంగతి ఆ ఆస్పత్రి మొత్తం మీద సర్వరక్క ఒక్కదానికే తెలుసు. ఆమధ్య ల్యాబ్ మరమ్మతులకు గోడలు పగలగొట్టినప్పుడు కేబుల్ తెగి, ల్యాబ్ సర్వర్ చాలా రోజులు ఒంటరిగా ఉండిపోయింది. పైగా దాని గడియారం ముందుకు పరిగెత్తింది. అందుకే దాని మీదున్న పాత సరుకంతా కొత్తదన్నట్టు కనిపిస్తుంది. కేబుల్ అయితే కలిపారు గానీ, గడియారం సరిచేసేదాకా అది మిగతా సర్వర్లతో మాట్లాడకుండా ఆపిపెట్టి, చూద్దాంలే, చేద్దాంలే అనుకుంటూ సర్వరక్కే వాయిదా వేస్తూ వచ్చింది.

సర్వరక్క బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

"నాకేం తెలుసమ్మా," అంది. "గట్టి మనిషివని నిన్ను పిలిపించారు. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి."

చిన్నకోడలు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తర్వాత తల ఊపి స్క్రీన్ వైపు తిరిగింది.

కాపీ నడుస్తున్నంతసేపూ సర్వరక్క కిటికీ దగ్గర నిలబడింది. చెప్పెయ్యి, ఇంకా ఆలస్యం కాలేదు అంటోంది లోపల ఒక గొంతు. పడనీ, ఒక్కసారి ఆ పిల్ల కూడా బోర్లా పడనీ అంటోంది ఇంకోటి. రెండోదాని గొంతే పెద్దది.

పని పూర్తయింది. నర్సులు లోపలికి వెళ్ళగలిగారు. ఎక్స్‌రే గదిలో చప్పట్లు వినబడ్డాయి. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఐసీయూకి కొత్తగా వచ్చిన డాక్టరు పేరే లేదు. కొత్త బ్యాచ్ నర్సులు ఒక్కరూ లేరు. ఎప్పుడో మానేసి పోయిన స్టోర్సు గుమాస్తా మాత్రం దర్జాగా ఉన్నాడు, మందుల స్టాకు మొత్తం మీద అధికారంతో సహా!

మేనేజర్ మొహం కందగడ్డ చేసుకుని వచ్చాడు. "ఏమిటమ్మా ఇది? ఉన్నవాళ్ళు పోయి, పోయినవాళ్ళు తిరిగొచ్చారు! అవతల ఐసీయూలో డాక్టరు ఒక్క రిపోర్టూ తెరవలేక చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఇదేనా మీ కంపెనీ నిర్వాకం?"

గుమ్మం దగ్గర పదిమంది చేరారు. చిన్నకోడలు లేచి నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి. సర్వరక్క వైపు ఒకే ఒక్కసారి చూసింది. కావాలనే చెప్పలేదని చిన్నకోడలికి అర్థమైపోయిందని ఆ చూపే చెప్పింది.

"పాత కాపీ తెచ్చాను సార్. సరిచూసుకోవాల్సింది. నాదే పొరపాటు."

"చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికోసం ఊరంతా తిరిగినట్టయింది," అన్నాడు మేనేజర్. "మా సర్వరక్కనే నమ్ముకుంటే పోయేది. బుద్ధి తక్కువై బయటివాళ్ళను పిలిచాను."

ఎన్నేళ్ళుగానో ఎవరో ఒకరు అనాలని ఆమె ఎదురుచూసిన మాట అది. పదిమంది ముందు, ఆ పిల్ల ఎదురుగా అన్నాడు. పటికబెల్లం నోట్లో పడ్డట్టు తియ్యగా తగిలింది. అది కరిగేలోపే ఒక సంగతి బుర్రలో మెరిసింది.

సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఎవరి దగ్గర కొత్త తేదీ ఉంటే వారి మాటే చెల్లుతుంది. ల్యాబ్ పాత సరుకు ఇప్పుడు రెండు సర్వర్ల మీద, కొత్త తేదీ వేసుకుని కూర్చుంది. మిగిలింది ఆఫీసు బిల్డింగ్‌లోదే. అక్కడికీ పాకిందంటే, మంచి కాపీ అన్నది ఇంక లేనట్టే.

"అయ్యో, ఆఫీసు సర్వర్!" అని అరిచి పరుగందుకుంది సర్వరక్క.

ఆ భారీ శరీరంతో ఆమె పరిగెత్తడం ఆస్పత్రిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చక్రాల కుర్చీని తప్పించుకుంటూ, తుడిచిన నేల మీద జారబోయి గోడ పట్టుకుంటూ, చెప్పు ఒకటి మెట్లమీదే వదిలేసి, ఆవరణ దాటి ఆఫీసు బిల్డింగ్‌లో పడింది. మెట్ల కింద అరలో ఉన్న సర్వర్ వెనక చెయ్యి పెట్టి, నెట్‌వర్కు తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తీగ చేతిలోకి వచ్చింది.

వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన చిన్నకోడలు, మాట్లాడకుండా కింద కూర్చుని, దానికి తన ల్యాప్‌టాప్ తగిలించి చూసింది. "కొన్ని పేర్లు పోయాయి. చాలావరకు ఉన్నాయి," అంది.

మేనేజర్ కూడా వచ్చాడు. "ఏం జరుగుతోందో ఎవరైనా చెబుతారా?"

సర్వరక్కకు ఊపిరి అందడం లేదు. తప్పంతా ఆ పిల్లదేనన్న అబద్ధం కళ్ళ ముందే సిద్ధంగా ఉంది. నిజం చెప్పకపోయినా ఎవరూ నిలదీయరు. "ల్యాబ్ కాపీ పాతదని నాకు ముందే తెలుసు సార్," అంది. "ఈ అమ్మాయి నన్ను అడిగింది. నేనే చెప్పలేదు. పొద్దున కాపీ తియ్యకుండా రిపేర్ నడిపి ఇంకా పాడుచేసింది కూడా నేనే."

"ఎందుకు చెప్పలేదు?"

సర్వరక్క చిన్నకోడలి వైపు చూసింది. ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. వాళ్ళిద్దరూ ఒకే ఇంటి కోడళ్ళని పొద్దున పలకరింపుల్లోనే ఆయనకు తెలిసింది. ఆయన ఇంట్లోనూ కోడళ్ళున్నారు. "ముందు బాగుచెయ్యండి. మిగతాది రేపు నా గదిలో మాట్లాడదాం," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమంతా ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారు. ల్యాబ్ సర్వర్ గడియారం సరిచేశారు. ఆఫీసు కాపీయే అసలైనదని కొత్త తేదీ ముద్ర వేసి, మిగతా రెండింటి చేతా దాన్నే తీసుకునేలా చేశారు. పోయిన కొద్ది పేర్లనూ, పొద్దున చిన్నకోడలు తీసిపెట్టిన చెడ్డ కాపీలోంచి ఏరి తెచ్చుకున్నారు. ఆ కాపీయే లేకపోతే వాళ్ళ గతి అధోగతే. పనికి కావలసిన మాటలు తప్ప ఇంకో మాట లేదు. ఐసీయూ డాక్టరు లోపలికి వెళ్ళగలిగానని ఫోన్ చేశాక, చిన్నకోడలు బ్యాగు సర్దుకుంది.

"ఇంట్లో మీరు ఏమన్నా పడతాను," అంది. ఎప్పుడూ నువ్వు అనే మనిషి మీరు అంది. "నాకు పని నేర్పారు, అన్నం పెట్టిన చెయ్యి. ఇక్కడ మాత్రం ఇంకెప్పుడూ అలా చెయ్యకండి. అవతల రోగులున్నారు."

సర్వరక్క చేతిలో తీగను చుట్టడం మొదలుపెట్టింది. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టింది. "నిన్ను చూస్తే ఓర్వలేకపోయాను," అంది చివరికి. "ఇప్పటికీ అంతే."

"తెలుసు," అంది చిన్నకోడలు. "నాకూ తెలుసు, మన అత్తగారి కళ్ళు నా మీద ఎలా పడతాయో. ఒక్కచోట చెడగొట్టుకొస్తే అవే కళ్ళు ఎలా మారతాయో కూడా తెలుసు. బస్సు దొరకదు, వస్తాను."

ఇద్దరూ వేరువేరు బస్సుల్లో ఇంటికి చేరారు. సర్వరక్క గుమ్మంలో అడుగుపెట్టేసరికి అత్తగారు అప్పటికే ఎదురుగా ఉంది. "మీ ఆస్పత్రిలో ఏదో కొంప మునిగితే మా చిన్నమ్మాయి వెళ్ళి బాగుచేసిందటగా?"

మేడమెట్ల మీదనుంచి చిన్నకోడలు అంది: "ఆఖర్న నిలబెట్టింది అక్కే అత్తయ్యా. నేను చూస్తూ ఉన్నాను, అంతే."

అబద్ధమూ కాదు, నిజమూ కాదు. సర్వరక్కకు మళ్ళీ మండింది. ఇంతమాట అనడం కూడా ఈ పిల్లకే చాతనవ్వాలా? మంచితనంలో కూడా నన్ను దాటిపోవాలా? రేపు మేనేజర్ గదిలో ఏమవుతుందో తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఈ మంట మాత్రం ఎక్కడికీ పోదని తెలిసింది.

కాళ్ళు కడుక్కుని, మొహం తుడుచుకుని, మేడమెట్లు ఎక్కింది. ఆ మెట్లు ఆమె ఎక్కి చాలా కాలమైంది. పైన తలుపు తీసే ఉంది. చిన్నకోడలు మంచం మీద కూర్చుని పాదాలు నొక్కుకుంటోంది.

"చెడ్డ కాపీలోంచి పేర్లు ఏరావు చూడు," అంది సర్వరక్క గడపలోనే నిలబడి. "అది నాకు రాదు. ఎలాగో చూపించు."

చిన్నకోడలు నవ్వలేదు. మంచం మీది బట్టలు ఒక పక్కకు నెట్టి, ల్యాప్‌టాప్ తెరిచింది.

"కూర్చోండి," అంది.