కూర్చున్నవాళ్ళ మాటకి అడ్డు రాకూడదు

నేను ఒక సినిమా హాలు కుర్చీని. బాల్కనీలో జి వరుస, పద్నాలుగో నంబరు. పక్కలకి పోత ఇనుము, వీపుకీ చేతులకీ టేకు చెక్క, ఒడిలో కొబ్బరి పీచు, దాని మీద ముదురు ఎరుపు రెక్సిన్. నా మీద నుంచి మనిషి లేచిన మరుక్షణం స్ప్రింగు లాగి ఒడి టప్‌మని మూసుకుంటుంది.

మా జాతికి ఒక లోపం ఉంది. విడిగా నిలబడలేం. నా ఎడమ చెయ్యి పదమూడో నంబరుకి కుడి చెయ్యి కూడా. వరుసంతా కలిస్తేనే కాళ్ళు.

తణుకులో ముప్ఫై ఏళ్ళు ఆ హాల్లో ఉన్నాను. తెర మీద అత్త కోడలిని రాచిరంపాన పెడుతుంటే చెంగు తడిసేలా ఏడ్చిన ఆవిడే, విశ్రాంతిలో దీపాలు వెలగగానే పక్క కుర్చీలోని కోడల్ని "కూర్చో, సమోసా లేకపోతే ప్రాణం పోదు" అని కసరడం విన్నాను. ఏడుపు వేరు, కాపురం వేరు అని అప్పుడే తెలిసింది.

హాలు పడగొట్టి దుకాణాల సముదాయం కట్టారు. మమ్మల్ని పాత ఇనప సామాన్ల కొట్టుకి తోలారు. అక్కడ హైమావతి అనే ఆవిడ నన్ను చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకుంది. ఒంటరిగా పడిపోతున్నానని తాపీమేస్త్రిని పిలిచి వసారాలో నా కాళ్ళు సిమెంటులో పాతించింది. ఆ రోజు నుంచి నేను కదలలేను.

ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఆ వసారాలో నలుగురు చేరేవారు. ముందురోజు మ్యాట్నీ చూసి రావడం, మర్నాడు దాన్ని ఉతికి ఆరెయ్యడం. మొదట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడేవారు. అప్పుడు హైమావతి కట్టుబాటు పెట్టింది. నాలో కూర్చున్నవాళ్ళే మాట్లాడాలి. వాళ్ళు లేచి నేను టప్‌మనేదాకా మిగతావాళ్ళు నోరు మెదపకూడదు. ఆ తర్వాత తీర్పు. సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో ఒక్కొక్కరూ చెప్పాలి.

ఝాన్సీకి పెద్ద హీరోల సినిమాలు కావాలి. "ఆ మొదటి ఫైటుకి నాకు ఒళ్ళు గగుర్పొడిచిందంటే నమ్ము వదినా!" అనేది. అందరికన్నా పెద్దది రత్నమాణిక్యం. ఆవిడది కుటుంబ చిత్రాల పార్టీ. "నీకు ఒళ్ళు గగుర్పొడిచింది, నాకు తల పగిలింది. అరవైమందిని చావగొట్టినవాడు ఇంటికొచ్చి ఇంత అన్నం తిన్నాడా? వాళ్ళమ్మ వడ్డించిందా? ఒక్క సీను ఉందా?" అనేది. అక్కడి నుంచి మాట ఇళ్ళలోకి జారేది. ఝాన్సీ కోడలి అలకలు, రత్నమాణిక్యం భర్త షుగరు పెట్టుకుని దొంగతనంగా తినే కాజాలు.

నాలుగో ఆవిడ సువర్చల. ఇంటి సంగతి అడిగితే "మా ఇంట్లో ఏముందే, అంతా మామూలే" అనేది. భర్త వీరభద్రంగారు నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు.

ఆవిడ పది నిమిషాలు ముందే వచ్చేది. హైమావతి లోపల టీ పెడుతుంటే నాలో కూర్చుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా, "ఇవాళ వంకాయ కూర చేశాను. కాస్త ఉప్పెక్కింది" అని మెల్లగా అనేది. ఒక బుధవారం "పదకొండు నెలలు" అంది, అంతే. చెక్క చేతులకి వేళ్ళ పట్టు తెలుస్తుంది. ఆవిడ పట్టు, మునిగేవాళ్ళ పట్టు.

వానలు ముంచెత్తిన వారం ఎవరూ హాలుకి వెళ్ళలేదు. "నేనొకటి ఫోనులో చూశాను, చెప్పనా?" అని సువర్చల నాలో కూర్చుంది.

"ఒక ఇల్లు. ఇద్దరే ఉంటారు. ఆయన ఆవిడతో మాట్లాడడు. కొట్టడు, తిట్టడు. ఏం కావాలన్నా క్యాలెండరు మీద రాస్తాడు. పాలు. కరెంటు బిల్లు. చొక్కా గుండీ. నేనేం చేశానండీ అని ఆవిడ అడుగుతుంది. దానికి క్యాలెండరు మీద జవాబుండదు. పదకొండు నెలలు. ఆవిడ వంటింట్లో తనలో తను మాట్లాడుకుంటుంది, గొంతు ఉందో పోయిందోనని. ఇంతలో బొబ్బిలిలో ఆడపిల్లల హాస్టలుకి వార్డెన్‌గా రమ్మన్నారు. సోమవారం చేరాలి. వెళ్ళాలా, ఉండాలా? అక్కడ ఆపేశారు. ముగింపు మీరు చెప్పండి."

ఎవరూ అడ్డు రాలేదు. కట్టుబాటు కదా. ఒక్కరైనా దాన్ని తప్పి "సువర్చలా, ఇది ఎవరి కథే?" అంటారేమోనని చూశాను. ఆవిడ లేస్తుంటే ఉన్న సత్తువంతా పెట్టి కిర్రుమన్నాను.

"దీనికి నూనె వేయించాలి" అంది హైమావతి.

టప్. ఇక వసారా దద్దరిల్లింది.

"ఫ్లాష్‌బ్యాకు లేదా? ఆయన ఎందుకు మాట్లాడడో చెప్పకపోతే ఎలా?" అంది ఝాన్సీ.

"చెప్పలేదు."

"అయితే తీసినవాడికే తెలీదన్నమాట!"

"ఆవిడకీ తెలీదు" అంది సువర్చల.

"మగాళ్ళు రిటైరయ్యాక అలాగే మూగనోము పడతారే. దానికి ఇల్లొదిలి పోతారా?" అంది రత్నమాణిక్యం. "ఆ క్యాలెండరు మీదే ఆవిడా రాస్తే సరి! చెల్లుకి చెల్లు."

అందరూ పడీపడీ నవ్వారు. సువర్చల కూడా.

"కాదక్కయ్యా, వెళ్ళాల్సిందే. కానీ ఊరికే వెళితే ఎవడు చూస్తాడు? ఆ క్యాలెండరు చింపి ఆయన మొహాన కొట్టి మరీ వెళ్ళాలి. ఈలలు పడాలి!" అంది ఝాన్సీ.

అప్పుడు హైమావతి అడిగింది. "ఇంతకీ ఆవిడకి స్నేహితురాళ్ళు లేరా?"

నా చీలలు బిగుసుకున్నాయి.

"ఉన్నారు. ముగ్గురు" అంది సువర్చల. "వాళ్ళది కామెడీ ట్రాకు."

హైమావతే అందరికన్నా ఎక్కువ నవ్వింది.

తీర్పులు వచ్చాయి. రత్నమాణిక్యం మూడు రోజులంది. ఝాన్సీ ఒక్క ఆట అంది. "పోనీ ఒక వారం ఇద్దాం, ఆవిడెవరో బాగా చేసినట్టుంది" అంది హైమావతి.

"బాగానే చేసింది" అంటూ సువర్చల గ్లాసులు తీసి, ఎప్పటిలాగే కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. విశ్రాంతికే ముగింపు చెప్పేసే ముగ్గురు ఆడవాళ్ళు గేటు దాకా వెళ్ళి చెయ్యి ఊపారు. సిమెంటులో పాతిన కాళ్ళతో నేను అక్కడే ఉన్నాను.

తరవాతి బుధవారం ముగ్గురే వచ్చారు. మూడుంపావుకి గేటు తీసుకుని వీరభద్రంగారు వచ్చారు. చేతిలో చుట్టిన క్యాలెండరు.

"సువర్చల ఇక్కడికొచ్చిందాండీ?"

ఆయన క్యాలెండరు విప్పారు. గడుల నిండా ఆయన పొట్టి పొట్టి అక్షరాలు. పాలు. గ్యాసు. మందులు. సోమవారం గడిలో మాత్రం వేరే చేతిరాత. "వెళ్తున్నాను."

రత్నమాణిక్యం ఆ గడినే చూస్తూ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"రెండు రోజులు చూశాను" అన్నారాయన. "మీకేమైనా చెప్పిందా?"

"చెప్పిందండీ" అంది హైమావతి. "మొత్తం చెప్పింది. మేమే..."

ఆయన నాలో కూర్చున్నారు. అలవాటు ఎంత గట్టిదో చూడండి, ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు. నాలో కూర్చున్నవాళ్ళ మాటకి అడ్డు రాకూడదు. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి. మాట రాలేదు. టీ మీద మీగడ కట్టింది. చాలాసేపటికి ఆయన లేచారు.

టప్.

ఎన్ని వారాలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సినిమాల మాట లేదు. బుధవారం మూడింటికి హైమావతి సువర్చల నంబరు నొక్కి, ఫోను నాలో పెడుతుంది. ఫోను బరువుకి నా ఒడి తెరుచుకుని ఉండదు. మనిషి కావాలి. అందుకని తన చేత్తో అదిమి పట్టుకుంటుంది. మిగతా ఇద్దరూ కూర్చుంటారు, మధ్యలో ఒక్క మాట అనరు.

"ఆ వేళకి పిల్లలు బడి నుంచి వస్తారేమోనే" అంటుంది ఝాన్సీ, అటు ఎవరూ ఎత్తకుండానే మోగడం ఆగాక.

హైమావతి ఫోను తీసుకుని చెయ్యి వదిలేస్తుంది. నేను మూసుకుంటాను.