వస్తానన్నవాళ్లు

కోర్టులో నకళ్లిచ్చే కిటికీ పొద్దున్నే తెరుస్తారని బోర్డు మీద రాసి ఉంటుంది. తెరుచుకునేది మాత్రం గుమాస్తా టీ తాగి, కుర్చీ దులుపుకుని, కళ్లజోడు తుడుచుకున్నాకే. అది అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ విసుక్కోరు. వరసలో నిలబడ్డవాళ్లు ఒకరి దరఖాస్తు ఒకరు చదువుతారు, పెన్ను అరువడుగుతారు, ఎవరి కేసు ఎక్కువ పాతదో చెప్పుకుని కాస్త గర్వపడతారు కూడా.

ఆ రోజు వరసలో ఉన్న ఒకామె మాత్రం ఎవరితోనూ మాట కలపలేదు. ఫోను చెవికి ఆనించుకుని ఉంది.

"పాలు తాగావా?"

"తాగా."

"మొత్తం?"

"ఊఁ."

"గొంతేంటి అలా ఉంది? స్వెటర్ వేసుకున్నావా? ఆంటీని ఒకసారి పిలువు."

"బాగానే ఉన్నానమ్మా. ఆంటీ స్నానానికెళ్లింది."

కూతురు దూరదేశంలో, పక్కింటావిడ సంరక్షణలో ఉంది. తల్లి విమానం దిగి, రైలెక్కి, ఆ రైలు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది. పిల్లని అలా వదిలి రావడం ఇదే మొదటిసారి. పక్కింటావిడకి ఏ జ్వరానికి ఏ మందు వెయ్యాలో, ఏ కిటికీ రెక్క సరిగా పడదో ఎంత వివరంగా చెప్పిందంటే, చివరికి ఆవిడ "అమ్మాయ్, నేనూ ఇద్దర్ని పెంచాను" అనాల్సి వచ్చింది.

పిల్లతో ఇబ్బందేమీ లేదు. అదే తల్లి ఇబ్బంది. ఏ కుర్చీలో కూర్చోబెట్టినా ఎవరో వచ్చి లేపుతారన్నట్టు అంచునే కూర్చుంటుంది. ఇంట్లో ఉన్నంతసేపూ బూట్లు విప్పదు. స్కూల్లో "ఇంత బుద్ధిమంతురాలిని చూడలేదు" అని టీచరు పొగిడితే తల్లికి సంతోషం కలిగేది కాదు. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి ఏ లోటూ లేదన్నారు. ఒక ముసలి డాక్టరు మాత్రం పిల్ల మణికట్టు చాలాసేపు పట్టుకుని, "మొత్తం పిల్లని తీసుకురాలేదేమోనమ్మా" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకుంది.

ఇప్పుడు వచ్చిన పని వేరు. ఆ దేశంలో పిల్ల ఉండటానికిచ్చిన అనుమతి ఈ నెలాఖరుతో తీరిపోతుంది. పొడిగించాలంటే తండ్రి సంతకమన్నా కావాలి, పిల్ల తల్లి దగ్గరే ఉండాలన్న విడాకుల తీర్పు నకలన్నా కావాలి. రెండూ లేకపోతే పిల్లని పంపించేస్తారు. తండ్రిని సంతకం అడగాలంటే తామెక్కడున్నదీ చెప్పాలి. అతను కొట్టినవాడు కాదు, తిట్టినవాడు కాదు. ఎప్పుడో వచ్చి "పిల్లని కొన్నాళ్లు నా దగ్గర ఉంచు" అంటాడేమోనన్న ఒక్క భయంతో ఆమె ఇల్లు మారింది, ఊరు మారింది, చివరికి దేశమే మారింది. అన్నిసార్లు మారడంలో తన దగ్గరున్న నకలు పోయింది. పాత కరెంటు బిల్లుల్ని కూడా దాచుకునే మనిషి, అదొక్కటే ఎలా పోగొట్టుకుందో ఆమెకే అంతుపట్టలేదు.

"కేసు నంబరు?" అన్నాడు గుమాస్తా.

"నంబరు లేదండీ. పేర్లు రాశాను, సంవత్సరం రాశాను. వానాకాలం అప్పుడు."

"పేర్లతో వెతకాలంటే ఆ ఏడాది సూచిక ఉండాలి కదమ్మా, దాన్ని చెదలు తినేసింది. వానాకాలం అంటారా, వానలో విడిపోయినవాళ్లు బోలెడుమంది ఉన్నారు."

వెనకెవరో కిసుక్కున నవ్వారు.

"మరెలాగండీ? చాలా దూరం నుంచి వచ్చాను."

"దానికేముంది, లోపలికెళ్లి మీవాళ్లెక్కడ కూర్చున్నారో చూసుకోండి. కట్ట వాళ్ల కిందే ఉంటుంది. తెచ్చిస్తే మధ్యాహ్నానికి నకలు చేతిలో పెడతాను."

ఆ కోర్టులో అది మామూలే. తీర్పు చదివాక భార్య ఒక గుమ్మంలోంచి, భర్త ఒక గుమ్మంలోంచి వెళ్లిపోతారు. వాళ్లు కలిసి ఏ జంటగా ఉండేవారో ఆ జంట మాత్రం, కొందరి విషయంలో, అక్కడే ఉండిపోతుంది. ఇదివరకు హాల్లో బెంచీల మీద కూర్చునేవాళ్లు. కొత్త కేసులవాళ్లకి చోటు చాలక, వీళ్లని రికార్డు గదికి మార్చి ఎవరి కట్ట మీద వాళ్లని కూర్చోబెట్టారు. ఊడ్చే మనిషి "కాళ్లు" అంటే కాళ్లు ఎత్తుతారు. మనుషుల్లేని గదిలో పగలంతా ఫ్యాన్లు ఎందుకని తనిఖీ అధికారులు ఒకసారి ప్రశ్న రాస్తే, గాలి కాగితాలకని కోర్టువారు జవాబు రాశారు.

రికార్డు గది చూసుకునే ఆవిడని జడ్జీతో సహా అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. తాళాల గుత్తి ఆడిస్తూ ముందు నడిచింది. బీరువాల మధ్య సందులు ఇరుకుగా, చల్లగా ఉన్నాయి. పాత కాగితం వాసన. ఎక్కడో ఎవరో నెమ్మదిగా మాట్లాడుకుంటున్న చప్పుడు, దగ్గరికెళితే ఆగి, దాటగానే మళ్లీ మొదలయ్యేది.

"జాగ్రత్తగా రా, వాళ్ల కాళ్లు తగులుతాయి," అంది పెద్దమ్మ. "వీళ్లు పళ్ల డాక్టరూ, ఆయన భార్యా. బయట ఒకరు కనబడితే ఒకరు రోడ్డు దాటేస్తారు. ఇక్కడ చూడు, ఆవిడ తల జారినప్పుడల్లా భుజం ఎలా సర్దుతున్నాడో."

"ఆ మూల వాళ్లు పోట్లాడుకుంటున్నారా?"

"అబ్బే, ముందుగదికి ఏ రంగు వేయించాలా అని. ఇంకా తేలలేదు."

ఆమెకి నవ్వు రాబోయి ఆగిపోయింది. చివరి కిటికీ కింద అతను కనిపించాడు. అప్పటి సన్నటి మనిషే. భుజాల మీద వాన చుక్కలు ఆ రోజు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి, ఆరలేదు, జారలేదు. అతని పక్కన నడుము దాకా జుట్టున్న అమ్మాయి ఒకతి. అది తనేనని పోల్చుకోవడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. వాళ్లిద్దరి మధ్యా, కట్ట అంచున, ఎర్ర రబ్బరు బూట్లేసుకుని ఒక చిన్నది.

ఆమె ఒక్కడుగు వెనక్కి వేసింది.

"పిల్లని తెచ్చావా ఆ రోజు?" అంది పెద్దమ్మ గొంతు తగ్గించి.

"ఇంట్లో చూసేవాళ్లు లేరు. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కదలకు, వస్తాను అని చెప్పి లోపలికెళ్లాను."

"వచ్చావా?"

"రాకపోతే ఏం చేశాను? వచ్చేసరికి నిద్రపోయింది. ఎత్తుకుని వెళ్లిపోయాను."

"లేపి చెప్పలేదూ, వచ్చానని?"

"నిద్ర చెడగొట్టడమెందుకని..."

పెద్దమ్మ తాళాల గుత్తి ఆడించడం ఆపింది. "ఆయనతో ఏమన్నావు, విడిపోయేటప్పుడు?"

ఆమె గుర్తు చేసుకుంది. మెట్ల మీద అతను "వస్తా మరి" అన్నాడు. తను "ఊఁ, వస్తాను" అంది. అంతకంటే ఏమంటారు ఎవరైనా?

"అంతే. ఇక్కడున్నవాళ్లంతా అదే. వెళ్తున్నాను అన్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఆ మాట మన నోటికి రాదు కదా, వెళ్లేటప్పుడు కూడా వస్తాననే అంటాం. అన్న మాట అన్నట్టే పట్టుకుని కూర్చుంటారు వీళ్లు."

ఆమె దగ్గరికెళ్లింది. అతను తలెత్తి చూసి మర్యాదగా సర్దుకున్నాడు.

"ఎవరి కోసమండీ?"

అతను తనని అండీ అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. "కింద ఉన్న కట్ట కావాలండీ."

"మేం లేస్తాం, కానీ పాప లేవదు."

"నేను చెప్పినా వినట్లేదండీ," అంది పొడుగు జుట్టు అమ్మాయి, కాస్త నొచ్చుకుంటూ. "లోపలికెళ్లిన అమ్మే రావాలట."

ఆమె పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల కళ్లలో నిద్ర లేదు, దిగులూ లేదు. చాలాకాలంగా తలుపు వైపే చూస్తున్న కళ్లు అవి, ఆమెని దాటి ఇంకా తలుపునే చూస్తున్నాయి.

"వచ్చానమ్మా," అంది.

పిల్ల ఆమెని కింది నుంచి పైదాకా చూసింది. "మా అమ్మకి జుట్టు పొడుగు."

"కత్తిరించుకున్నాను."

"ఎందుకు?"

"పొద్దున్నే నీకు జడ వేసేసరికి నాకు టైము ఉండట్లేదు."

పిల్ల ఆలోచించింది. "ఇంతసేపా?"

"అవునమ్మా. చాలాసేపైంది."

"నేను కదల్లేదు."

"చూశాను," అంది ఆమె.

పిల్ల దిగి, ఆమె వేలు పట్టుకుంది. చెయ్యి మంచులా ఉంది. పొడుగు జుట్టు అమ్మాయి ఆత్రంగా ముందుకి వంగింది. "గోడవైపు తిప్పి పడుకోబెడితేనే నిద్రపోతుంది. తెలుసా మీకు?"

"తెలుసు."

"దగ్గొస్తే వెంటనే మందు వేసెయ్యకండి. ఒక్కోసారి ఊరికే దగ్గుతుంది, ఎవరైనా వస్తారని."

అది ఆమెకి తెలియదు. తలూపింది.

ఇద్దరూ లేచారు. అతను కట్ట మీది దుమ్ము చేత్తో తుడిచి ఇచ్చాడు. తర్వాత వంగి, పిల్ల ఎర్ర బూటు సరిచేశాడు. పిల్ల అందరు పిల్లల్లాగే, అలవాటుగా, చెయ్యి ఊపుతూ అంది:

"వస్తా నాన్నా."

ఆమె చప్పున పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ చెవి దగ్గరకొచ్చి, "కావాలంటే చెప్పించుకో, వెళ్తున్నానని. ఇంకా గుమ్మం దాటలేదుగా, చెల్లుతుంది. చాలామంది చెప్పిస్తారు," అంది.

ఒక్క మాట. పిల్ల చెవిలో చెబితే చాలు, చెప్పినట్టు వినే పిల్ల. ఇన్నేళ్లు పిల్లని దాచుకుంటూ వచ్చింది, ఇంకెన్నేళ్లయినా దాచుకోగలదు. ఆమె నోరు తెరిచింది. అతను ఇంకా వంగే ఉన్నాడు, ఖాళీ అయిన చోటు మీద చెయ్యి ఆనించి. పక్కనున్న అమ్మాయి ఆ చోటులోకి జరగలేదు. ఇద్దరూ మధ్యలో అంత మేరా వదిలేసి, కట్ట లేని నేల మీదే, ఎప్పటిలా తలుపువైపు తిరిగి కూర్చున్నారు.

"పద," అంది ఆమె పిల్లతో. అంతే అంది.

నకలు మధ్యాహ్నానికే వచ్చింది, ఎర్ర ముద్రతో. గుమాస్తా "దొరికారన్నమాట" అన్నాడు, వేలు పట్టుకున్న పిల్లని చూసి కాస్త పక్కకి జరిగి దారిచ్చాడు. పిల్ల కోర్టు గేటు దాకా వచ్చింది. దాటాక చూసుకుంటే వేలికి చల్లదనం తప్ప ఏమీ లేదు.

ఆమె ఇటూ అటూ వెతుకుతుండగానే ఫోను మోగింది. కూతురు. తనంతట తను ఎప్పుడూ చెయ్యదు.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా? ఆంటీ ఏది?"

"అమ్మా, నాన్న భుజాలు తడిసిపోయేవి కదా, గొడుగు మనవైపే పట్టి?"

ఆమె వెతకడం ఆపేసింది.

"నాన్న నంబరు నీ దగ్గరుందా?"

బస్సులు వెళ్తున్నాయి. సంచిలో నకలు భద్రంగా ఉంది, ఇక తండ్రి సంతకంతో పని లేదు. నంబరు లేదని చెప్తే అడిగేవాళ్లెవరూ లేరు. నంబరు ఆమె ఎక్కడా రాసుకోలేదు, రాసుకోవాల్సిన అవసరం ఏనాడూ రాలేదు.

"పెన్సిలు తెచ్చుకో," అంది.

గోడ వారగా నీడలోకి జరిగి ఒక్కో అంకే చెప్పింది. అవతల పిల్ల ఒక్కోటీ పైకి చదువుతూ రాసుకుంటోంది. చివరి అంకె దగ్గర ఆమె ఆగిపోయింది.

"అమ్మా? ఇంకోటి ఉంది కదా?"

ఉంది. చెప్పింది.