పదిహేడో రోజు పిల్ల

నాకు ముక్కు మీదే కోపం. ఆత్మకూరులో మా చర్చివాళ్లంతా దాన్ని భక్తి అనుకుంటారు. పగలు ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను, ఆదివారాలు సండే స్కూలు నడుపుతాను, ఇరవై రెండేళ్లుగా ఇదే పని, పెళ్లి కూడా చేసుకోలేదు, కాబట్టి నా కోపానికి మంచి పేరే దొరికింది. కృపక్క అంటే పిల్లలు హడలిపోతారు. ఇప్పుడు ఆ కోపం నా మీదికే తిరిగింది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మా ఆడపిల్లలు వాక్యం చదవడం మానేశారు. పదమూడేళ్లు నిండాయంటే చాలు, ఆరాధనలో గోడవారగా చేరి, తెరిచిన బైబిలు గ్రంథం మధ్యలో ఫోను పెట్టుకుని రీల్స్ చూస్తారు. తల మీద ముసుగు ఉంటుంది కాబట్టి ముందునుంచి చూసే పాస్టరుగారికి ఎంత భక్తో అనిపిస్తుంది. వెనక కూర్చునే నాకు ఒళ్లు మండిపోయేది. మొట్టికాయలు వేశాను, ఫోన్లు లాక్కున్నాను, తల్లులకు చెప్పాను. తల్లులు నన్నే తిట్టుకున్నారు.

అలాంటప్పుడు హైదరాబాదు నుంచి హరీష్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, క్రైస్తవ పుస్తకాలు అచ్చువేసే ఒక సంస్థలో ఉద్యోగం, మాటకు ముందే నవ్వుతాడు.

"ఈ వయసు పిల్లలకు ఆ నల్ల అట్ట చూస్తేనే నిద్ర వస్తది సిస్టర్," అన్నాడు. "వాళ్ల కోసం వేరే పుస్తకం తెద్దాం. వాక్యంలోని అమ్మాయిలు ముప్పై మంది, రోజుకొక కథ. రంగుల బొమ్మలు, స్టిక్కర్లు. రాయడం మీ పని. అట్ట మీద మీ పేరు వేస్తం."

ఆ తర్వాత అతను ఏమన్నాడో నేను సరిగ్గా వినలేదు. అట్ట మీద పేరు దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఇరవై రెండేళ్లలో నా పేరు అచ్చయింది ఒకే ఒక్కసారి, చర్చి వార్షికోత్సవం కరపత్రంలో, అదీ తప్పుగా.

రాయడానికి కూర్చున్నాక తల ప్రాణం తోకకొచ్చింది. వాక్యంలో పిల్లలకు చెప్పదగ్గ ఆడపిల్లలు పదకొండు మంది దగ్గరే అయిపోయారు. మిగిలినవాళ్లలో ఒకతెను సొంత అన్నే చెరిచాడు, ఒకతెను చెరబట్టి తీసుకుపోయారు, ఒకతెను గుమ్మం బయటికి నెట్టారు. ఇవన్నీ ఏ రంగులో వేసి చూపించాలి? రాణులనూ వితంతువులనూ ముసలమ్మలనూ పట్టుకొచ్చి ఎలాగో ఇరవై తొమ్మిది చేశాను. పదిహేడో రోజు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. అక్కడ వాక్యంలోనే ఉన్న ఒక పేరులేని పిల్లను తెచ్చి పెట్టాను.

ఆ పిల్ల తండ్రి యుద్ధానికి పోతూ మొక్కుకుంటాడు. గెలిచి వస్తే, తన ఇంట్లోంచి ఎవరు ముందు ఎదురొస్తే వారిని దేవునికి దహనబలి ఇస్తానంటాడు. గెలిచి వస్తే ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. తండ్రి బట్టలు చింపుకుంటాడు. మాట తప్పొద్దని ఆ పిల్లే అంటుంది గానీ, రెండు నెలలు గడువు అడుగుతుంది. స్నేహితురాళ్లతో కొండల మీదికి పోయి తన బతుకు కోసం ఏడ్చి వస్తానంటుంది. తండ్రి సరే అంటాడు. పోయి ఏడ్చి, తిరిగి వస్తుంది. మొక్కు తీరిపోతుంది. దీని మీద మా పాస్టర్లెవరూ ప్రసంగం చేయగా నేను వినలేదు.

నేను ఉన్నది ఉన్నట్లే రాశాను. రాస్తూ ఏడ్చాను కూడా. పంపిన మూడో రోజు హరీష్ ఫోను చేశాడు.

"పదిహేడో రోజు మరీ బరువుంది సిస్టర్. బలి వద్దు, దేవుని సేవకు ఇచ్చిండని రాయండి. పండితులు కూడ కొందరు అట్లనే అంటరు. ఆ రెండు నెలల ఏడుపు తీసేద్దాం."

"ఏడుపు తీస్తే ఇంకేం మిగుల్తది నాయనా? ఆ పిల్ల తన కోసం అడిగింది అదొక్కటే గద," అన్నాను.

"పదిహేనేళ్ల అమ్మాయి అది చదివిందంటే పుస్తకం మూసేస్తది. నవ్వుకుంట పోయిందని పెట్టండి. ప్రెస్సు వాళ్లు మీ ఒక్క పేజీ కోసమే ఆగిన్రు."

సాయంత్రం దాకా బెట్టు చేశాను. తర్వాత అట్ట మీది పేరు గుర్తొచ్చింది. గంటలో మార్చేశాను. తండ్రి మాట వినగానే ఆ అమ్మాయి చిరునవ్వు నవ్విందనీ, ఆ రోజే సంతోషంగా దేవుని సేవకు వెళ్లిపోయిందనీ రాశాను. పక్క పేజీలో జడనిండా పూలు పెట్టుకున్న పిల్ల బొమ్మ వేశారు. కింద మూడు గులాబీ రంగు హృదయాలు, నువ్వు దేవునికి ఏమిస్తావో వాటిలో రాయమని గీతలు.

ఏప్రిల్ ఆఖరులో పుస్తకాలు వచ్చాయి. గులాబీ అట్ట, దాని మీద వెండి మెరుపులు, కింద నా పేరు. పిల్లలు ఎగబడ్డారు. ఫోన్లు పక్కన పెట్టి మరీ స్టిక్కర్లు అంటించుకున్నారు, ఈ రోజు ఎవరి కథ అని ఒకరినొకరు అడుక్కున్నారు. నన్ను తిట్టుకున్న తల్లులే ఎదురొచ్చి వందనాలు చెప్పారు. ఆ పదిహేను రోజులు నా కాళ్లు నేల మీద లేవు.

నవనీత మా మేస్త్రి వెంకటన్న కూతురు. మా చర్చి ప్రహరీ గోడ వెంకటన్నే కట్టాడు, కూలి అడగకుండా. ఆయనకు అక్షరం ముక్క రాదు. రోజూ పొద్దుగూకే వేళ కూతురు వాక్యం చదివి వినిపిస్తే, స్నానం చేసి వచ్చి, చేతులు కట్టుకుని వింటాడు. వాక్యంలో ఉందంటే ఇక ఎదురు మాట్లాడడు. ఆ పిల్ల పదో తరగతిలో అయిదువందల నలభై మార్కులు తెచ్చుకుంది, పాలిటెక్నిక్ పరీక్ష కూడా రాసింది. వనపర్తి కాలేజీలో సివిల్ చదవాలని ఆశ. "మా నాయన గోడ కడతడు అక్కా, నేను గోడకు ప్లాన్ గీస్త," అని ఎన్నిసార్లు చెప్పిందో.

ఈ పిల్ల మీద ఒక మొక్కు ఉంది. పదకొండు నెలలప్పుడు జ్వరం తలకెక్కి, మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టర్లు ఆశ వదులుకున్నారట. బిడ్డను బతికిస్తే నీ సేవకే ఇస్తానని వెంకటన్న వరండాలో మోకాళ్లూనాడు. పిల్ల పుట్టినరోజు వచ్చినప్పుడల్లా ఆ సాక్ష్యం చెప్పి కళ్లు తుడుచుకునేవాడు, మేమూ ఆమెన్ అనేవాళ్లం. మాలో ఇలాంటి మొక్కులు ఇంటికొకటి ఉంటాయి. అలా సేవకు ఇచ్చిన పిల్లలు ఎందరో ఇప్పుడు నర్సులు, ఆటో డ్రైవర్లు. ఎవరూ ఏమీ అనుకోరు. నా పుస్తకం రాకపోతే వెంకటన్న కూడా అలాగే ఊరుకునేవాడు.

ఆ మే నెలలో నవనీత నల్ల గ్రంథం పక్కన పెట్టి నా పుస్తకం చదివి వినిపించింది. తేలిగ్గా ఉంది, తండ్రికి ఇట్టే అర్థమవుతోంది. పదిహేడో రోజు కథ విని వెంకటన్న అన్నం ముట్టలేదు. తెల్లవారగానే పాస్టరుగారి దగ్గరికి పోయాడు. పదిహేనేళ్లుగా దేవుణ్ణి మోసం చేస్తున్నాననీ, ఇక ఆగలేననీ చెప్పాడు. లింగాల దాటాక అడవి అంచున సేవికల గృహం ఒకటి ఉంది. అక్కడ చేరితే చెంచుపెంటల్లో గూడెం గూడెం తిరిగి పాటలు నేర్పాలి, హాస్టలు పిల్లలకు వండిపెట్టాలి, మళ్లీ ఇల్లు అనే మాట ఉండదు. జూన్ మొదటి ఆదివారం నవనీతను ప్రతిష్ఠ చేసి పంపాలని ఖాయం చేశారు. పాస్టరుగారు ఆ సంగతి చర్చిలో చెప్పి, కృపక్క పుస్తకానికి తొలి ఫలం అని నన్ను లేచి నిలబడమన్నారు. నేను లేచి నిలబడ్డాను.

ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు నవనీత మా ఇంటికి వచ్చింది. చంకలో రెండు పుస్తకాలు, నల్లదీ గులాబీదీ.

"గీ రెండు నెలలు ఎందుకు తీసేసినవ్ అక్కా?" అంది. గొంతు పెంచలేదు. రెండూ తెరిచి నా ముందు పెట్టింది. "నిన్న నల్లదాంట్ల చూసిన. గా పిల్ల రెండు నెలలు అడిగింది, వాళ్ల నాయన ఇచ్చిండు. బలి అని గూడ ఉంది. సేవ అని ఎక్కడుంది?"

పిల్లల కోసం కుదించాల్సి వచ్చిందని ఏదో నసిగాను.

"నాకు గీ ముచ్చట తెలిసుంటే నేను గూడ రెండు నెలలే అడుగుతుంటి. రెండు నెలలంటే ఆగస్టు వస్తది. కౌన్సిలింగ్ జూన్ల అయిపోతది. సీటు చేతికొస్తే, సదువు అయినంక సేవ చేస్తనని నాయన కాళ్లు పట్టుకుంటుంటి." గులాబీ పుస్తకం మూసి అంది, "రాత్రి నాయనకు సదివి వినిపించిన. కాలేజీకి పోవనీకి నువ్వే కల్పించి సదువుతున్నవ్ అన్నడు. పుట్టి బుద్ధెరిగినంక నా మాట నమ్మకపోవుడు గిదే మొదలు. నువ్వొచ్చి చెప్పు అక్కా. నువ్వు చెప్తే నమ్ముతడు."

రేపే వస్తానన్నాను. నిజంగా చెబుదామనే అన్నాను, ఆ మాట ఎవరు నమ్మినా నమ్మకపోయినా.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లేసరికి వాళ్ల వాకిట్లో హరీష్ కుర్చీ వేసుకుని ఉన్నాడు. వెంకటన్న సాక్ష్యం రికార్డు చేయడానికి వచ్చాడట. పుస్తకం రెండో ముద్రణ పదివేల కాపీలు వేస్తున్నారని చెప్పి, కొత్త అట్ట నమూనా నా చేతిలో పెట్టాడు. ఈసారి నా పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. వెంకటన్న చేతులు కడుక్కుని వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఆయన భార్య తిరుపతమ్మ పొయ్యి దగ్గరే ఉండిపోయింది, నా వైపు చూడలేదు. నవనీత గుమ్మంలో నిలబడింది.

"పదిహేడో రోజు కథ జర కుదించి రాసిన వెంకటన్నా," అన్నాను. "అసలు దాంట్ల ఇంకొంచెం ఉంది."

"పిల్లల కోసం సింపుల్ చేసినం అన్నా, విషయం ఒక్కటే," అన్నాడు హరీష్ నవ్వుతూ. ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది.

వెంకటన్న అతని వైపు చూడలేదు.

"అక్కా, నాకు సదువు రాదు. నువ్వు చెప్పిందే నాకు వాక్యం," అన్నాడు. "నాకు ఒక్క ముచ్చట చెప్పు. గా బిడ్డ ఏడ్సిందా?"

నేను చేతిలోని అట్టను ఒళ్లో పెట్టుకున్నాను.

"పది దినాల సంది నాకు బువ్వ పోతలేదు. నా బిడ్డ గోడ దిక్కు తిరిగి ఏడుస్తుంది. వాక్యంల బిడ్డ నవ్వుకుంట పోయె, నా బిడ్డ ఏడుస్తుంటే నా పెంపకంలనే ఏందో తప్పుందని పరేషాన్ అవుతున్న. గా బిడ్డ గూడ ఏడ్సిందని నీ నోటితోని చెప్పు. నేను ఆగుత అక్కా. ఎన్ని నెలలంటే అన్ని నెలలు ఆగుత."

ఆయన బతిమాలుతున్నాడు. మొక్కు నుంచి తప్పించమని కాదు, నాలుగు దినాలు ఊపిరి తీసుకోనిమ్మని. నా నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలు. కానీ ఆ మాట అన్నానంటే వాక్యాన్ని మార్చి రాశానని ఒప్పుకున్నట్లే. వచ్చే ఆదివారం చర్చంతా అదే చెప్పుకుంటారు. దేవుని మాటలో చెయ్యిపెట్టిన మనిషికి పిల్లల్ని అప్పజెప్పేదెవరు? ఒళ్లో కొత్త అట్ట ఉంది. దాని మీద నా పేరు మీద వేలు పెట్టుకుని కూర్చున్నానని తర్వాత తెలిసింది.

"నవ్వింది," అన్నాను.

అన్నాక కూడా దిద్దుకోవడానికి టైముంది. వెంకటన్న తల వంచుకుని, గోళ్లలో ఇరుక్కున్న సిమెంటు గీక్కుంటూ చాలాసేపు కూర్చున్నాడు. అంతసేపూ నేను నోరు తెరవలేదు. పిల్లల ఫోన్లు లాక్కోవడానికి ఉరికొచ్చే నా కోపం ఆ రోజు ఎక్కడికి చచ్చిందో నాకు తెలియదు. తలెత్తి చూసేసరికి గుమ్మంలో నవనీత లేదు.

ఆదివారం ఆరాధన నిండుగా జరిగింది. నవనీతకు తెల్లచీర కట్టారు, అది మనిషికి మించి పొడుగైంది. పాస్టరుగారు, పెద్దలు తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. అందరూ ఉంచమంటే నేనూ చెయ్యి ఉంచాను. ఆ పిల్ల జుట్టు ఇంకా తడిగా ఉంది. లింగాల పోయే జీపు బయట ఆగి ఉంది, తిరుపతమ్మ సంచి ఎక్కించి జీపు పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

హరీష్ ఆ పిల్లను వాళ్ల నాయన కట్టిన గోడ ముందు నిలబెట్టాడు. చేతికి గులాబీ పుస్తకం ఇచ్చాడు. రెండో ముద్రణలో పదిహేడో రోజు పక్కన బొమ్మ తీసేసి ఈ ఫోటో వేస్తారట.

"జర నవ్వమ్మా," అన్నాడు.

ఆ పిల్ల ప్రయత్నం చేసింది. పెదవులు కదిలాయి గానీ ఏమీ రాలేదు. ఇంకోసారి అడిగాడు, ఇంకోసారి చేసింది. తర్వాత కెమెరా వదిలేసి నా వైపు చూసింది. ఆ చూపులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది. సండే స్కూల్లో తెలియని పదం దగ్గర ఆగినప్పుడు చూసినట్లే చూసింది.

"ఎట్ల నవ్వాలె అక్కా? నువ్వే రాసినవ్ గద. ఒక్కసారి చూపియ్యి."

అందరూ నా వైపు తిరిగారు. వెంకటన్న కూడా తిరిగాడు.

నేను నవ్వి చూపించాను.