టర్బోలో పూల గుడ్డ

మేస్త్రి డిప్‌స్టిక్ బయటికి లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ నిండుగానే ఉంది. కొసన నిలిచిన బొట్టును వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు. కాలిన వాసన లేదు. షెడ్డు రేకుల కప్పుకి ఉన్న చిల్లుల్లోంచి బొత్తాలంత ఎండ చుక్కలు కారు ముక్కు మీద పడుతున్నాయి. రోజూ పది గంటలకి అవి సరిగ్గా అక్కడికే వస్తాయి. ఇరవై ఆరేళ్లుగా ఆయన టీ వేళ అదే.

కారు కళ్ల డాక్టరమ్మది. ఆవిడ పక్కనే బల్ల మీద కూర్చుంది.

"ఎలా ఆగిందమ్మా?"

"ఎత్తు రోడ్డు మీద లారీని దాటుతూ గట్టిగా తొక్కాను. ఈల వేసినట్టు కూత వచ్చింది, తర్వాత లోపల ఠప్‌మంది. అంతే, బండిలో ప్రాణం లేదు. వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది. పక్కన మా అమ్మ కూర్చుని ఉంది."

"పొగ?"

"నల్లగా, బోలెడు."

మేస్త్రి తల ఊపాడు. నల్లపొగ అంటే డీజిల్ అందింది, గాలి అందలేదు.

బామ్మర్ది రెండు టీ గ్లాసులు పట్టుకొచ్చాడు. మిల్లు మూతపడ్డాక, నలభై రెండేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిగా ఈ పనిలోకి వచ్చినవాడు.

"కంప్యూటర్ పెట్టి చూద్దామా బావా?"

"అది జ్వరం ఉందని చెప్తుంది. ఎందుకొచ్చిందో మనమే చూడాలి."

"ఇంట్లో మిక్సీకి నెల్నుంచీ జ్వరమే. అక్క అడగమంది."

మేస్త్రి నవ్వలేదు గాని మీసం కదిలింది. ఇంజన్ని చేత్తో తిప్పి చూశాడు. తేలిగ్గా తిరిగింది. ఫిల్టర్ నుంచి, ఇంజన్లోకి గాలిని తోసే టర్బోకి వెళ్లే లావుపాటి గొట్టం విప్పి, టర్బో నోట్లో వేలు పెట్టాడు. లోపలి చిన్న చక్రం ఊదితే తిరగాలి. అది కదల్లేదు. టార్చి వేసి, పట్టకారుతో మెల్లగా లాగాడు. నల్లబడి నలిగిన గుడ్డ వచ్చింది. పసుపు మీద నీలం పూలు.

గొట్టాలు విప్పినప్పుడు నట్టు లోపల పడకుండా నోట్లో గుడ్డ కుక్కుతారు. ఈ కారు పోయిన గురువారం సర్వీసుకి వచ్చింది. ఇద్దరూ కలిసే చేశారు. గొట్టం మలుపులో వారం పాటు నక్కిన గుడ్డ, గట్టిగా తొక్కేసరికి చక్రంలోకి ఎగిరింది. ఆ గుడ్డ మేస్త్రి భార్య చీరలోది. పాతబడితే ముక్కలు కోసి భర్తకో కట్ట, తమ్ముడికో కట్ట ఇస్తుంది. మేస్త్రి మాత్రం ప్రతి ముక్కకీ ఎర్ర దారం కట్టి, గొట్టం బయట తోకలా వేలాడేస్తాడు. బామ్మర్దికి ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు రాలేదు.

ఈ గుడ్డకి తోక లేదు.

షెడ్డు ఓనరు వచ్చి గుడ్డను చూశాడు, తర్వాత బామ్మర్దిని చూశాడు.

"తోక లేదంటే నీదే. అవునా?"

బామ్మర్దికే నమ్మకంగా తెలీదు. "నాదే అయ్యుంటుంది."

"లారీ గుద్దుంటే? శనివారం దాకా చెయ్యి. తర్వాత రావద్దు."

బామ్మర్ది గ్లాసు కింద పెట్టాడు. పిల్లల బడి తెరిచి పది రోజులైనా కాలేదు. మేస్త్రి టీ మీద మీగడ కట్టింది. ఆయన కళ్లజోడు తీసి ఓనరు చేతిలో పెట్టాడు. ఎడమ కాడకి ఎర్ర దారం చుట్టి ఉంది.

"గురువారం ఈ కాడ ఊడింది. చేతిలో ఉన్న గుడ్డ దారం విప్పి దీనికి కట్టాను. గుడ్డకి మళ్లీ కడదామనుకున్నాను."

"మర్చిపోయావా?"

"ఇది మూడోది. మొన్నామధ్య ఓ బండి చక్రానికి బోల్టులు బిగించలేదు. గేటు దాటకముందే గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది. వాడిది కాదు తప్పు. ఇవాల్టితో నేను మానేస్తా."

ఓనరు కళ్లజోడుని అటూ ఇటూ తిప్పాడు. "బండి ముట్టకు. ఊరికే కూర్చో. నువ్వుంటే చాలు."

"ఊరికే కూర్చోబెడితే కుర్చీ విప్పుతాను."

మధ్యాహ్నానికి కొత్త టర్బో వచ్చింది. మేస్త్రి స్పానరు పట్టలేదు. వెనక నిలబడి చెప్పాడు, బామ్మర్ది చేశాడు. గొట్టాలన్నీ విప్పి లోహపు రజను లేకుండా కడిగారు. స్టార్ట్ చేయకముందే టర్బోలో ఆయిల్ పోయాలన్నది రెండుసార్లు చెప్పాడు. బామ్మర్ది తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. సన్నటి ఈల పైకి లేచి సర్దుకుంది. మేస్త్రి ఆ ఈల అయ్యేదాకా కళ్లు మూసుకున్నాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు డాక్టరమ్మతో.

ఆవిడ ఎర్ర దారం చుట్టిన కాడ వంక చూసింది. "రేపు ఆ కళ్లజోడు తీసుకురండి. కాడ మార్పిస్తాను. కళ్లు కూడా చూస్తాను."

ఐదున్నరకి ఆయన కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో ఎంతసేపు రుద్దినా నలుపు పోలేదు. చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, బామ్మర్ది భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. గేటు దాకా రోజూ నడిచినట్టే నడిచాడు.

కుళాయి గట్టు మీద, డబ్బా మూతలో, ఆయన సబ్బు ముక్క ఉంది. అరిగి అరిగి ఆకంత పల్చనైంది. నడుమ బొటనవేలు పట్టేంత గుంట, అందులో ఇంకా ఆరని నీళ్లు.